పెద్దక్క దమ్ము ఎవరు తీశారు?

కాదమ్మా, నువ్వే చెప్పు. ఎంత ముసలి బండైతే మాత్రం నాలుగు సిలిండర్లూ కూడబలుక్కుని ఒకేసారి మంచం పడతాయా? ఒకదానికి ఇవాళ నీరసం వస్తే ఇంకోదానికి వచ్చే ఏడు వస్తుంది. నాలుగూ ఒక్క వారంలో పడకేశాయంటే అది వయసు చేసిన పని కాదు. ఎవరిదో చెయ్యి పడింది.

అలా చూడకు. ఆ పాత గుడ్డ ఇటివ్వు, చేతులు జిడ్డోడుతున్నాయి. కూర్చో. స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతోంది, ఆ టైరు మీద కూర్చో. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఎప్పుడు మాట్లాడావు గనక!

మీ అన్నయ్య పొద్దున ఏమన్నాడు? "సాయంత్రానికి తుక్కు లారీ వస్తుందే పిల్లా, ఆ లోపల నీ ముచ్చట తీర్చుకో" అన్నాడు. ముచ్చట! బొమ్మ లాక్కునే ముందు చంటిదాన్ని ఇంకాసేపు ఆడుకోమన్నట్టు.

ఇది నాకేమిటో ఆయనకి తెలియదా? నాన్న ఈ బండి మీదే ఊళ్ళో సగం మందికి డ్రైవింగు నేర్పాడు. ఆయన పోయాక నేను పరీక్ష రాసి, నేర్పడానికి లైసెన్సు తెచ్చుకున్నా. నాన్న బోర్డు కడిగి మళ్ళీ వేలాడదీశా. కొందరు ఆడవాళ్ళు "నువ్వు నేర్పుతానంటే వస్తాం" అన్నారు కూడా. బండి కదిలితే నేను టీచర్ని. కదలకపోతే మావయ్య రంగుల కొట్లో గల్లా పక్కన స్టూలు సిద్ధంగా ఉంది. దాని మీద కూర్చుని డబ్బా మూతలు తెరిచి, ఇది లేత నీలం, ఇది ఇంకొంచెం లేత నీలం అని బతుకంతా చెప్పుకుంటూ పోవాలి. ఈ షెడ్డేమో ఆ డబ్బాలకి గోడౌను అవుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. పెద్దక్కని తూకానికి వెయ్యడం ఒక ఎత్తు. 

నవ్వకు. నాకంటే ముందే ఇంటికొచ్చిందని నాన్నే కదా దీన్ని "మీ పెద్దక్క" అని నాకు చెప్పింది? ఒక్కర్తినే పుట్టినదాన్ని, నమ్మేశాను. బళ్ళో టీచరమ్మ "మీ అక్క ఏం చేస్తుందమ్మా" అంటే "తాగుతుంది, పొగ వదులుతుంది" అన్నానని, ఆవిడ కంగారుపడి మనింటికి పరుగెత్తుకొచ్చిందని నువ్వే చెప్పేదానివి.

సరే, విను. మొదటి నుంచీ చెప్తాను. నీకు తెలిసినవే అయినా సరే, విను.

మొన్నమొన్నటిదాకా పెద్దక్క ఎలా ఉంది? గుండ్రాయిలా ఉంది. నన్నూ నిన్నూ ఎక్కించుకుని వంతెన ఎత్తు మీదికి ఆయాసం లేకుండా ఎక్కింది. ఆ తర్వాత మావయ్య ఆ కళ్ళజోడాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పాత కార్లు కొని అద్దాల గదుల్లో పెట్టుకుంటాడట. చేతులకి తెల్లటి తొడుగులు వేసుకుని మరీ తలుపు తీశాడు, పెద్దక్కకేదో అంటురోగం ఉన్నట్టు.

అప్పుడు పెద్దక్క ఎంత మర్యాదగా స్టార్ట్ అయిందో గుర్తుందా? చప్పుడే లేదు. "ఆహా, కుట్టు మిషను కూడా ఇంతకన్నా గట్టిగా మాట్లాడుతుంది" అన్నాడాయన. వంతెన దగ్గరికి వెళ్ళేసరికి ఆ మర్యాద కాస్తా అయిపోయింది. దగ్గింది, తుమ్మింది, ఎత్తు మధ్యలో చతికిలబడింది. పాపం, ఆ తెల్ల తొడుగులతోనే వెనక నుంచి తోశాడు. "పైకి బాగుంది గానీ లోపల దమ్ము లేదండీ" అని చక్కా పోయాడు.

దాంతో మావయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. "వాడు కాకపోతే వాడి తాత" అని తనే తోలుకుంటూ ఊరవతల స్నేహితుడెవరికో చూపించడానికి బయలుదేరాడు. పోయేటప్పుడు దాని కాళ్ళ మీద అది పోయింది. వచ్చేటప్పుడు తాడు మీద వచ్చింది. ఆ కోపంలో షెడ్డుకి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, తుక్కువాడికి కబురు పెట్టాడు. ఎంత బతిమాలితే ఇవాళ పొద్దున ఆ చెవి నా చేతికిచ్చాడు!

ఇంజన్ అంటే ఊపిరేనే అనేవాడు కదా నాన్న. పిస్టన్ పైకి వచ్చి లోపలి గాలిని గట్టిగా నొక్కాలి. ఆ నొక్కుడు ఉంటేనే మంటకి బలం, చక్రానికి కదలిక. నొక్కుతున్నప్పుడు గాలి ఏ కంతలోంచో జారిపోయిందనుకో, ఇక అందులో పెట్రోలు పోసినా ఒకటే, పన్నీరు పోసినా ఒకటే. జారిపోతోంది, సరే. ఎటు నుంచి? దొంగ ఏ దారిన పోయాడో తెలిస్తే ఎవరో తెలుస్తుంది.

అందుకే ప్లగ్గులు విప్పి, ఆ కన్నాల్లో ఒక్కోదానికీ ఆ నొక్కుడు కొలిచే గేజీ బిగించి, నిన్ను సీట్లో కూర్చోబెట్టా. యాక్సిలరేటర్ నేలకంటా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టమన్నా. కొట్టావు. నాలుగింటికి నాలుగూ, సూది బద్ధకంగా లేచి సగం దారిలోనే పడుకుంది.

"అయిపోయిందమ్మా, మావయ్య చెప్పిందే నిజం" అన్నాను. నువ్వు తలూపావు. ఊఁ అని. అంత తొందరగా ఊపిందేమిటా అని అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

రాలేదు. పానా చెయ్యి జారి కిందపడితే వంగి చూశాక వచ్చింది. నీ కాలు కనపడింది. పెడల్ మీద లేదు. పక్కన ఉంది. చెప్పు విడిచి, బుద్ధిగా, ఎవరింటికో చుట్టపు చూపుగా వచ్చినట్టు పక్కన ఉంది.

తొక్కమన్నది ఎందుకమ్మా? గాలి లోపలికి రావాలనే కదా! ముక్కు మూసిపెట్టి "ఏదీ, గట్టిగా ఊపిరి తీసుకో చూద్దాం" అంటే ఎవరు తీసుకుంటారు? నాలుగు సిలిండర్లూ చచ్చాయని చూపించాలంటే ఇంతకన్నా తేలికైన దారి లేదు. ఏమిటీ, మరిచిపోయావా? ఊఁ. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. ఏళ్ళ తరబడి నాన్న కోసం ఇదే సీట్లో కూర్చుని, ఇదే పరీక్షకి, ఇదే పెడల్ తొక్కినదానివి. మరిచిపోయావు.

నీకు చెప్పకుండా ఒక ఇటుక తెచ్చి పెడల్ మీద పెట్టా. ఇటుక మరిచిపోదు కదా.

సూది కాస్త లేచింది. అంటే నీ కాలు చెప్పిందంతా నిజం కాదన్నమాట. కానీ లేవాల్సినంత లేవలేదు. అంటే పూర్తిగా అబద్ధమూ కాదు. అదీ నా తలనొప్పి.

తర్వాత ఒక్కో కన్నంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోశా. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోతే ఆ నూనె వెళ్ళి సందుల్ని కాసేపు పూడుస్తుంది, సూది చెంగున లేస్తుంది. లేవలేదు. ఉన్నచోటే ఉంది. నేను మాత్రం ఎగిరి గంతేశా! నాన్న తన చేత్తో వేసిన రింగులు నిక్షేపంలా ఉన్నాయి. గాలి కింద నుంచి పోవడం లేదు. పై నుంచి పోతోంది. వాల్వుల దగ్గర.

అప్పుడు నిన్ను సైలెన్సర్ దగ్గర చెవి పెట్టమన్నా, గుర్తుందా? నేను ముందు నుంచి హ్యాండిల్ పెట్టి నెమ్మదిగా తిప్పా. "ఏమైనా వినపడుతోందా అమ్మా?" అంటే అడ్డంగా తలూపావు. ఏమీ లేదని.

పక్క వాటాలో గిన్నె మూత కిందపడితే మన గిన్నె కాదులే అని చెప్పే చెవులమ్మా నీవి! నేను గుమ్మంలో చెప్పు విడిస్తే కోపంగా ఉన్నానో ఆకలిగా ఉన్నానో వంటింట్లోంచి చెప్తావు. వినపడలేదా?

నీ చేతికి హ్యాండిల్ ఇచ్చి నేను వెళ్ళి విన్నా. బుస్సుమని, బుట్టలో పాములా. పొగ పోవాల్సిన దారిలోంచి ఊపిరి పోతోంది.

కాలు ఒకసారి మరిచిపోవచ్చు. చెవి కూడా అదే రోజు మరిచిపోతే ఎలాగమ్మా?

ఉండు, ఎక్కడికి లేస్తున్నావు? టీ తర్వాత. కూర్చో.

మూత విప్పా. ఇంజన్ నెత్తి మీది రేకు మూత. లోపల అన్నీ శుభ్రంగా, నూనెలో మెరుస్తూ, అద్దంలా ఉన్నాయి. వాల్వు అంటే తలుపే కదా. దాన్ని తోసి తెరిచే చేతికీ ఆ తలుపుకీ మధ్య కాస్త సందుండాలి. ఒక్క వెంట్రుక మందం చాలు. ఆ సందు ఉన్నందుకే టిక్కుటిక్కుమని చప్పుడు. "చప్పుడు చేస్తుంటే భయపడకు, చప్పుడు ఆగిపోతే భయపడు" అని నాన్న వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. సందు లేదనుకో, ఆ చెయ్యి తలుపు మీదే ఆనుకుని ఉండిపోతుంది. తలుపు పూర్తిగా పడదు. ఇనుము వేడెక్కి ఒళ్ళు చేస్తే ఇంకా తెరుచుకుంటుంది. దమ్మంతా అటే పోతుంది. బండి మాత్రం మహా నిశ్శబ్దంగా, మహా మర్యాదగా ఉంటుంది.

సందు కొలిచే రేకుల్లో అన్నిటికన్నా సన్నది తీసుకుని మొదటి వాల్వు దగ్గర పెట్టి చూశా. దూరలేదు. రెండో వాల్వు దగ్గరా దూరలేదు. వరసగా అన్నీ చూశా. దేంట్లోనూ దూరలేదు.

వదులైపోవడం అంటే సరే, వాడకంలో వదులవుతాయి. వాటంతట అవి ఇంతలా బిగుసుకుంటాయా? అదీ అన్నీ ఒకే కొలతలో? ఎవరో మూత తీసి, తీరిగ్గా కూర్చుని, ఒక్కోటీ బిగించారు. కసిగా బిగించిన చెయ్యి కాదు అది. ఒక్క నట్టు అంచు చెదరలేదు, ఒక్క గీత పడలేదు. కుట్టు వరసలా ఉంది.

అప్పుడు మొదలైందమ్మా నాలో. ఎవరు? ఎవరు? ఎవరు?

మొదట కళ్ళజోడాయన్ని అనుకున్నా. పాడుచేసి, చవగ్గా కొట్టేద్దామని. కానీ ఆయన మళ్ళీ బేరానికి రాలేదే! తొడుగులు ఉతుక్కుంటూ కూర్చున్నాడు.

తర్వాత వెనక సందులో రిపేరు షెడ్డు మేస్త్రీని అనుకున్నా. నాన్న ఉన్నన్నాళ్ళూ పెద్దక్క మీద చెయ్యి వెయ్యనివ్వలేదని వాడికి ఉక్రోషం. పైగా కళ్ళజోడాయన రాబోతున్నాడని మావయ్య వాడిని పిలిచి ఆయిల్ మార్పించాడు. ఇంకేం, దొరికాడు దొంగ అనుకున్నా. నేరుగా వాడి షెడ్డుకే వెళ్ళా. "నిజం చెప్పు, మా బండి మూత విప్పావా లేదా?" అని నడుం మీద చెయ్యేసుకుని అడిగేశా.

వాడు పళ్ళికిలించాడు. "అమ్మాయిగారూ, నేను కింద నట్టు విప్పి నూనె వదిలానంతే. ఆ మూత జోలికి నేను పోను. మీ నాన్నగారు ఒకసారి నా చేత విప్పించి, నేను చేసింది చూసి, 'ఒరేయ్, నువ్వు లే, ఆవిడ చేస్తుంది' అని లేపేశారు. ఆ అవమానం ఇంకా అరగలేదు నాకు" అన్నాడు.

ఆవిడ చేస్తుంది. ఎవరావిడ అని అడగలేదు నేను. అడగాలంటే భయం వేసింది. "సరేలే" అని వచ్చేశా.

దారిలో మావయ్య మీదికి పోయింది మనసు. పోవాలని నేనే తోశా. షెడ్డు కావాల్సింది ఆయనకే కదా? కానీ ఆయన చెయ్యడమా! బానెట్ ఎటు తెరుచుకుంటుందో తెలియక డిక్కీ తెరిచి "ఇంజన్ ఎవరో ఎత్తుకుపోయారు" అని గోల పెట్టిన మనిషి. పోనీ ఎవరి చేతనో చేయించాడనుకో. అమ్మాలని చూసేవాడు అమ్మే ముందురోజు సరుకు ఎందుకు పాడుచేస్తాడు? పాడైతే నష్టం ఎవరికి? ఆయనకే. కొనేవాడు వెనక్కి పోతే లాభం ఎవరికి?

అక్కడ ఆగిపోయానమ్మా. రోడ్డు మధ్యలో. సైకిలువాడు తిట్టాడు కూడా.

లాభం నాకు. నేను చెయ్యలేదు.

అమ్మమ్మ ఒక నక్క కథ చెప్పేది, గుర్తుందా? కోడి పోయిందని ఊరంతా గగ్గోలు పెడుతుంటే నక్క కూడా వచ్చి, "అయ్యో, ఎంత ఘోరం, ఎవడా దొంగ" అని ఇంటింటికీ తిరిగి పరామర్శించిందట. ఊరంతా దాని మంచితనానికి మురిసిపోయిందట. చివరికి ఒక గుడ్డి అవ్వ దాని మొహం నిమిరి, "అన్నీ బాగున్నాయి నాయనా, మీసానికి ఈ ఈక ఏమిటి" అందట.

ఇదిగో, ఈ మర చూడు. ఆ మూత బిగించే మర. దగ్గరికి తెచ్చుకుని చూడు. గాడిలో తెల్లగా ఏముంది?

సబ్బు. బట్టల సబ్బు.

ఏ మేస్త్రీ మరకి సబ్బు రాస్తాడమ్మా? గ్రీజు రాస్తాడు, లేదా నూనె ముంచుతాడు. గ్రీజు గోళ్ళలో ఇరుక్కుంటే కుట్టే గుడ్డలకి మరకలవుతాయని, ఈ ప్రపంచం మొత్తం మీద మరలకి సబ్బు రుద్దే మనిషి ఒక్కరే ఉన్నారు. "ఎక్కేటప్పుడు జారుతుంది, దిగేటప్పుడు మొరాయించదు" అని నాన్నతో వాదించి మరీ గెలిచిన మనిషి.

తల దించుకోకు. నా వైపు చూడు.

ఎందుకు చేశావు అని నేను అడగను. ఆ మాత్రం తెలియదా? కళ్ళజోడాయన కొనకూడదని. పెద్దక్క నాకే ఉండాలని. మళ్ళీ ఎవరూ లేనప్పుడు వదులు చేసేస్తే సరిపోతుందని. అవునా? అంతేనా?

అంతే. నాకు తెలుసు.

కానీ "వద్దు అన్నయ్యా" అంటే సరిపోయేది కదమ్మా! రెండు మాటలు. నోరు తెరిచి వద్దనలేక వాల్వులు తెరిచిపెట్టావా?

ఆయన తోలుకుని ఊరవతలికి బయలుదేరినప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. నేను చూశాను. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నావు. ఎండకి అనుకున్నా. ఆ స్థితిలో అంత దూరం తోలితే వాల్వు కాలిపోతుందని నీకు తెలుసు. నాకన్నా బాగా తెలుసు. అప్పుడైనా "ఆగన్నయ్యా" అనలేదే!

తాళం వేసుకుపోయాడని నీకు సరిచేసే వీలు లేకపోయింది, ఒప్పుకుంటాను. మరి ఇవాళ? పొద్దున నేను తాళం తీశాక? "నేనే బిగించానే, వదులు చెయ్యి" అని నా చెవిలో చెప్తే ఏం పోయేది? దానికి బదులు కాలు తీసేస్తావు, చెవులు మూసుకుంటావు! పెద్దక్క తుక్కుకి పోయినా సరే, నేను డబ్బాల మధ్య స్టూలెక్కినా సరే, అన్నయ్యకి మాత్రం తెలియకూడదు. అదేనా?

ఏడవకు. ఏడిస్తే నాకు కోపం పోతుంది, నాకింకా కోపంగా ఉండాలని ఉంది.

ఏమిటీ? గట్టిగా చెప్పు. ఆయన మనకి... ఆఁ. తెలుసు. ఆస్పత్రిలో నాన్న మంచం పక్కన మనతోపాటు రాత్రులు కాపలా కాశాడు. ఉండటానికి కొట్టు వెనక ఈ రెండు గదులూ ఇచ్చాడు. చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించి బడికి తీసుకెళ్ళాడు. ఇన్ని చేసిన మనిషికి వద్దు అని ఎలా చెప్పను అంటావు. ఆయన చెడ్డవాడైతే ఎంత బాగుండేదో! నాలుగు తిట్టి తలుపేసుకునేవాళ్ళం. మంచివాడు. మంచివాడికి ఎదురు చెప్పడమే కష్టం. ఆయన మన మంచి ఆలోచిస్తాడు, మనం ఆ మంచి కింద పడి నలుగుతాం.

సరే, అసలు సంగతి విను. అన్ని వాల్వులకీ సందు సరిచేశా. మళ్ళీ గేజీ పెట్టా. మూడు సిలిండర్లు సూదిని తన్ని లేపాయమ్మా! రెండోది మాత్రం ఇంకా బుసకొడుతోంది. దాని వాల్వు అంచు కాస్త కాలినట్టుంది. ఇంజన్ తలకాయ, ఆ హెడ్డు విప్పి, వాల్వు అంచుకి గరుకు ముద్ద రాసి, పుల్ల పెట్టి కవ్వం చిలికినట్టు అరచేతుల మధ్య తిప్పి నూరాలి. నువ్వూ నేనూ కూర్చుంటే ఒక రోజు పని. అంతే. పెద్దక్క చావలేదు. నువ్వు చంపలేదు. అదిగో, ఇప్పుడు మళ్ళీ ఏడుపు! శుభం చెప్పినా ఏడుపేనా?

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. లారీ వచ్చేలోపల మావయ్యకి చెప్పాలి. బండి బాగవుతుంది, తుక్కుకి ఇవ్వం, షెడ్డు ఖాళీ చెయ్యం అని.

నువ్వు చెప్పు. నీ అన్నయ్యే కదా.

నేనా?

అమ్మా, ఒక సంగతి. నువ్వు ఏమీ అనకూడదు. నువ్వెలాగూ ఏమీ అనవనుకో.

మధ్యాహ్నం నువ్వు లోపలికి వెళ్ళినప్పుడు మావయ్య ఫోన్ చేశాడు. "ఏమే, ఏమైనా తేలిందా?" అన్నాడు. అప్పటికి మూత విప్పి ఉంది. సందులు సరిచేసి ఉన్నాయి. మూడు సిలిండర్లు లేచి కూర్చున్నాయి. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. "లారీవాడు అడుగుతున్నాడు, పంపమంటావా, ఆపమంటావా" అని ఆయనే అడిగాడమ్మా. ఆయనే! ఆపండి అనే మాట ఎంతుంది? నోట్లో పెట్టుకుంటే చప్పరించడానికి కూడా చాలదు.

లైసెన్సు ఉన్నదాన్ని. మేస్త్రీ ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డదాన్ని. ఇందాకటి నుంచీ నిన్ను నిలేసి, కాలు ఎందుకు తీశావు, నోరు ఎందుకు మూశావు అని ఇన్ని మాటలు అన్నదాన్ని.

ఆయన అటు నుంచి "నీ మంచికేనే తల్లీ" అన్నాడు.

నేను "మీ ఇష్టం మావయ్యా" అన్నాను.

అదీ. అన్నాను. ఫోన్ పెట్టేసి, ఈ సబ్బు మర పట్టుకుని నీ కోసం కాచుక్కూర్చున్నా. నిన్ను పట్టుకుంటే నా సంగతి మరుగున పడుతుందనుకున్నానేమో. ఇంత కోపం నీ మీద ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్తుంటే నాకే తెలుస్తోంది.

అదిగో. లారీయే. సందు మలుపు తిరిగింది. మన గేటు దగ్గరే ఆగింది. మావయ్య కూడా దిగినట్టున్నాడు.

లేవకు.

లేవకమ్మా, కొంగు సర్దుకోకు. గడియ మన వైపే ఉంది. తియ్యాలంటే మనలో ఒకరు వెళ్ళి తియ్యాలి. నువ్వు వెళ్తే "రా అన్నయ్యా" అంటావు. నేను వెళ్తే "రండి మావయ్యా" అంటాను. మనిద్దరిలో ఎవరం లేచినా పెద్దక్క పోతుంది.

చెల్లాయీ అని పిలుస్తున్నాడు. వినపడుతోంది. ఈసారి వినపడలేదని అనకు, వినపడినా కూర్చో. నోరు తెరవడం మన చేత కాదు. గేటు తెరవకుండా ఉండటం కూడా చేత కాదా?

రేపేం చెప్తామా? నాకేం తెలుసు. రేపు కొట్టు తెరిచాక ఆయన ముందు వైపు నుంచి వచ్చి, "ఏమే, నిద్రపోయారా" అంటాడు. ఆఁ, నిద్రపోయాం అంటామేమో. మన మొహాలకి అంతకన్నా ఏం వస్తుంది?

హారన్ కొడుతున్నాడు.

కొట్టనీ.